బళ్లారి నుంచి వచ్చిన కూతురు

మొన్న మనవరాలితో ఎమ్మిగనూరుకు పోయి, దానికి గుడ్డలు తీసుకొని బస్టాండుకు నడుస్తాంటే ఒక మండపం లోపల్నుంచి హార్మోనియం సద్దు వినపడింది. జాతరకు నాటకం నేర్చుకుంటాండారంట. ఎవరో మొగాయన ఒకే పద్యాన్ని ఎత్తుకునేది, ఆపేది, దగ్గేది, మళ్లీ ఎత్తుకునేది. నా కాళ్లు ఆడనే నిలబడిపోయినాయి.

"అవ్వా, లోపలికి పోయి చూద్దామా?" అనింది మనవరాలు.

"వద్దులేమే, బస్సు పోతాది" అంటి.

ఆదోనికి బస్సులకేం కరువు? ఆ సంగతి దానికీ తెలుసు. బస్సెక్కి కూర్చున్నాక అడిగింది. "నాటకమంటే నీకెందుకవ్వా అంత పడదు? టీవీలో వచ్చినా లేసి పోతావు." నేను కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తా కూర్చుంటి. ఆ పొద్దు దానికి చెప్పని మాట ఇది.

మాది నందవరం పక్క ఒక చిన్న పల్లె. అంతా నల్లరేగడి. వానొస్తే కాలు దిగబడేది, ఎండొస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు. జొన్నకోతలయిపోయి, పత్తి తీసేది గూడ ముగిసినాక ఊరికి కొంచెం ఊపిరాడే కాలం ఒకటుండె. కొత్త చొప్పవాముల వాసన, ఇంటి మూలల్లో కుప్ప బోసిన పత్తి వాసన, మా అవ్వ మంగలంలో జొన్నపేలాలు ఏపుతాంటే వీధి చివరిదాకా పొయ్యే వాసన. ఆ కాలంలోనే మావూరి బడి అయ్యవారు ఒక నాటకం రాసినాడు.

అంతకు కొన్నేండ్ల ముందు పెద్ద కరువొచ్చి పోయింది. బావులెండిపోయి, పశువులను యాడికో తోలేసి, జనం గంజి తొట్టి కాడ ముంతలు పట్టుకొని నిలబడిన కరువది. మా తాత ఆ కరువులోనే పోయినాడు. అయ్యవారు రాసిన నాటకం ఆ కరువు గురించే. దాంట్లో రాజులు, దేవుళ్లు ఎవరూ లేరు. ఒక రైతు, తల్లి లేని కూతురు, ఒక ఎద్దు. బావిలో నీళ్లున్నా ఎవరికీ పోయని ఒక పెద్దరెడ్డి. కూతురు తనకొచ్చిన నీళ్లు తాగకుండా ఎద్దుకు తాపి, కడాకు నాయిన ఒడిలో పానం విడుస్తాది. అప్పుడా రైతు పద్యం ఎత్తుకుంటాడు. అదీ కత.

రైతు వేషం మా నాయినది. ఊర్లో అంత గొంతు ఇంకెవరికీ లేదు. గుంటక తోలుతా ఆయప్ప పాడితే పక్క చేన్లో పనిచేసే ఆడోళ్లు నడుములెత్తి నిలబడేవాళ్లు. కానీ ఇంట్లో ఆ గొంతు వినపడదు. ఎద్దులతో మాట్లాడినంత మాతో మాట్లాడడు. అన్నానికి కూర్చుంటే కారం కావల్లన్నా వేలు చూపించేదే. నాకు ఊహ తెలిసినాక ఆయప్ప నన్ను ఎత్తుకున్నేది గానీ, దగ్గరికి తీసుకున్నేది గానీ గుర్తు లేదు. అట్లని కొట్టేది గూడ లేదు. మా పక్క అప్పటి నాయినలు శానామంది అంతే.

శివరాత్రి అయిపోయినాక ఒక మాపు జొన్నరొట్టె, పుంటికూర పప్పు తింటా తింటా ఆయప్ప నా పక్క చూసి అన్నాడు. "రేపట్నుంచి సందేళ బడికాడికి రావల్ల నువ్వు. కూతురి మాటలు నువ్వు చెప్పల్ల."

నా చేతిలో రొట్టె ముక్క కింద పడింది. అవ్వ మజ్జిగ చిలికేది ఆపి నాయిన పక్క చూసింది. అమ్మ పెనం మీద రొట్టెను తిప్పేది మర్చిపోతే అది మాడి పొగలొచ్చింది. మా అక్క తల వంచుకొని తింటానే వుండె. అవన్నీ నాకు ఆ పొద్దు కనపడలేదు. పండుకున్నాక గూడ ఆ మాటనే నోట్లో చక్కెర మాదిరి తిప్పుకుంటి. కూతురి మాటలు నేను చెప్పల్ల. నాయినే అన్నాడు, తన నోటితో.

బడి పంచలో దీపాలు పెట్టే వేళకు అందరూ చేరేవాళ్లు. హార్మోనియం వాయించేది ఒక ముసలాయన. మేమంతా పెట్టె తాత అంటాంటిమి. ఆయప్ప దగ్గరికి పోతే నశ్యం వాసన. తుమ్మినా తాళం తప్పేది కాదు. నేను మాట సరిగా చెప్తే పంచె చెంగు విప్పి ఏపిన చెనిక్కాయలు చేతిలో పోసేవాడు. ఒక్కో మాపు ఒక్కో ఇంటోళ్లు తినేకి తెచ్చేవాళ్లు. మా ఇంటి వంతు వచ్చిననాడు అమ్మ గంప నిండా బొరుగుల ఉగ్గాని, మిరక్కాయ బజ్జీలు చేసి నా నెత్తిన పెట్టింది. దోవలో చెయ్యి లోపలికి పెట్టి పెట్టి, బడి చేరేతలికి బజ్జీలు బాగా తరిగిపోయినాయి. ఎవరూ అడగలేదు. నేను ఆ నాటకంలో కూతుర్ని, నన్నెవరడుగుతారు?

పగలంతా అదే పని నాకు. బర్రెకు మేత వేస్తా బర్రెతో మాటలు చెప్పేది. మా అక్కను నాయిన వేషంలో కూర్చోబెట్టి దాని ఒడిలో తలపెట్టి సచ్చేది. "అబ్బ, ఎన్ని తూర్లు సస్తావే, నాకు కాళ్లు తిమ్మిరెక్కినాయి" అని అది నన్ను తోసేసేది. ఒకపొద్దు అక్క రానంటే నేనొక్కతే ఊరి బయట బీడులోకి పోయి, రాయి మీద తలపెట్టి, కండ్లు తేలేసి సచ్చిపోతాంటి. బట్టలుతుక్కొని వస్తాండే ఒకామె చూసి మూట ఆడనే పారేసి, "అయ్యో, పిల్ల పోయిందిరో!" అని ఊర్లోకి పరిగెత్తింది. సగం ఊరు బీడుకొచ్చింది. మా అమ్మ చింతబరికెతో కొడతా ఇంటిదాకా తెచ్చింది. అవ్వ మాత్రం మూతికి కొంగడ్డం పెట్టుకొని నవ్వింది. "సచ్చేది బాగ నేర్చుకుంది పిల్ల" అని.

ఆ సచ్చే రంగమే నాకు ప్రాణం. నాయిన బాసిపట్లు వేసుకొని కూర్చుంటాడు. నేను ఆయప్ప ఒడిలో తలపెట్టి పండుకుంటా. ఆయప్ప నా తల మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, కండ్లు తెరువు బిడ్డా" అంటాడు. ఎద్దుల వాసన, బీడీ వాసన, చెమట వాసన, అన్నీ కలిసిన ఆ ఒడి. ఆ చెయ్యి గరుకుగా వుండేది. మేడి పట్టి పట్టి కాయలు కాచిన చెయ్యి. అది నా జుట్టుకు తగులుకొని వెంట్రుకలు పీకినా నేను కదలను. "బిడ్డా" అనే మాట ఆయప్ప నోట్లోంచి అంతకుముందు నేను వినలేదు. ఇంట్లో నేను "మే", "ఓమే" మాత్రమే.

ఒక మాపు ఆ రంగంలో నా నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చింది. అయ్యవారు రాసింది ఏమంటే, కూతురు "నాయినా" అని కండ్లు మూసుకోవల్ల, అంతే. నేను కండ్లు మూసేకి ముందు, "నాయినా, ఎద్దుకు నీళ్లు తాపితివా?" అంటి.

అది మా తాత మాట. కరువులో ఆయప్ప పోయేటప్పుడు, మనిషికే గుక్కెడు నీళ్లు దొరకని పొద్దు, నాయిన పక్క చూసి ఆ మాట అడిగి కండ్లు మూసినాడు. నేను గడప కాడ నిలబడి విన్నా. అప్పటికి మా ఎద్దు చచ్చిపోయి శానా దినాలయింది. నాయిన తాతతో, "తాపినా నాయినా" అన్నాడు.

నేనా మాట అనంగానే నా తల మీద చెయ్యి ఆగిపోయింది. కండ్లు కొంచెం తెరిచి చూస్తి. నాయిన గడ్డం వణుకుతాంది. నా నుదుటి మీద బొట్టు పడింది, వెచ్చగా. "తాపినా బిడ్డా" అన్నాడు. అని పద్యం ఎత్తుకున్నాడు. పంచలో కూర్చున్నోళ్లు ఎవరూ కదల్లేదు. పెట్టె తాత కడాకు హార్మోనియం మూసి, ముక్కు తుడుచుకున్నాడు, నశ్యానికి కాదు.

అయ్యవారు నా కాడికి వచ్చి, "ఎవరు చెప్పినారు నీకా మాట?" అన్నాడు.

"ఎవరూ చెప్పల్యా."

"బాగుంది. ఉండనీ" అన్నాడు. పుస్తకంలో మాత్రం రాసుకోలేదు. రాసే పని పడలేదు. రోజూ నేను అనేది, నాయిన గడ్డం వణికేది, పద్యం వచ్చేది. ఆ మాట లేకుంటే ఆయప్పకు పద్యం ఎత్తుకునేకి రాకపోయె. ఇంటికి పోతా దోవలో మేము మాట్లాడుకునేవాళ్లం కాదు. కానీ ఆయప్ప లాంతరు నా కాళ్ల ముందర వెలుతురు పడేటట్ల పక్కకు పట్టుకొని నడిచేవాడు.

ఉగాది దగ్గర పడింది. ఉగాది మరుసనాటి మాపు నాటకం. బండ్లు ఇప్పి, పలకలు పరిచి రంగం కట్టేకి తావు చూసినారు. ఎమ్మిగనూరు నుంచి కొత్త తెర వచ్చింది. మగ్గం గంజి వాసన ఇంకా పోలేదు దానికి. ఆదోని నుంచి డ్రస్సుల పెట్టె వచ్చింది. పెద్దరెడ్డి వేషమాయనకు తలపాగా, బంట్రోతుకు డవాలు, అందరికీ తలా ఒకటి తీసి కొలతలు చూస్తాండ్రి. నేను గూడ పోయి నిలబడితి.

"నాకేది అయ్యవారూ?"

ఆయప్ప పెట్టెలో తల పెట్టి ఏదో వెతుకుతా, "నీది ఇంకా రాలేదు లేమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి అక్కతో చెప్తి. నాకు పట్టులంగా వస్తాదో, చింకి లంగా వస్తాదో అని. కరువు పిల్ల కద, చింకిదే ఇస్తారేమో అని. అక్క తల దువ్వుకుంటాండేది ఆపింది. "అంత ఆశ పెట్టుకోవద్దులేమే" అనింది.

"ఎందుకు?"

"ఎందుకూ లేదు. పో, నీళ్లు తేపో."

నేనేమనుకుంటినంటే, దానికి కుళ్లు అనుకుంటి. అక్కకు అప్పుడు హొళగుంద పక్కనుంచి సంబంధం మాట్లాడతాండ్రి. ఇంట్లో అందరి కండ్లూ దాని మీదనే. ఇప్పుడు నామీదికి మళ్లినాయని దానికి కడుపుమంట అనుకుంటి. ఉగాదినాడు అమ్మ ఓళిగలు చేస్తే దానికి రావల్సింది గూడ నేనే తింటి, కావాలని.

నాటకంనాడు పొద్దున్నే సీకాయితో తలంటుకొని, జుట్టు ఆరబెట్టుకుంటా అరుగు మీద కూర్చుంటి. నాయిన ఎమ్మిగనూరుకు బండి కట్టుకొని పోయినాడు. గ్యాసులైట్లు తెచ్చేకి అని చెప్పినారు నాకు. ఎండ నడినెత్తికి రాకముందే బండి వచ్చింది. గ్యాసులైట్లు వున్నాయి. వాటి పక్కనే, పరిచిన గోనె బోరెం మీద, ఒక ట్రంకుపెట్టెను ఆనుకొని ఒక ఆడామె కూర్చోనుండాది. వక్కాకు నమలుతాంది. ముఖానికి పౌడరు, చెవుల వెనక చెమట. మా అమ్మకన్నా కొంచెం చిన్నామె, అంతే.

పిల్లోళ్లంతా బండి వెనక పరిగెత్తుకొని వస్తాండ్రి. "బళ్లారామె వచ్చె, బళ్లారామె వచ్చె" అని. అంటే వాళ్లకు గూడ తెలుసు. నా జతకత్తెలకు గూడ తెలుసు.

నాకింకా తెలియలేదు. ఈమెది ఏం వేషమబ్బా అని చూస్తాండా. నాటకంలో ఇంకో ఆడవేషం లేదు కద.

అయ్యవారు గబగబ వచ్చి ఆమెకు దండం పెట్టి, నా పక్క తిరిగినాడు. "అమ్మాయీ, ఈమెకు చదువు రాదంట. కూతురి మాటలన్నీ నీకు నోటికొచ్చు కదా, కూర్చోబెట్టుకొని సందేళ లోపల అన్నీ చెప్పియ్యి. రాత్రికి తెర పక్క నిలబడి మాట అందియ్యల్ల నువ్వు. సరేనా?"

నేను నాయిన పక్క చూస్తి. ఆయప్ప నాకు వీపు పెట్టి ఎద్దుల మెడ పట్టెడలు ఇప్పుతాండాడు. ఎద్దులు బయటికొచ్చి గాడికాడికి పోయినాయి. ఆయప్ప ఇంకా ఆడనే నిలబడి, ఖాళీ కాడిమాను పట్టెడలు ఇప్పుతానే వుండాడు.

"నాయినా" అంటి.

తిరగలేదు.

లోపలికి పరిగెత్తి అమ్మను పట్టుకుంటి. "నేను కద కూతురు? నాయిన చెప్పినాడు కద?"

అమ్మ పొయ్యి ముందర్నుంచి లేయలేదు. "మాటలు చెప్పేకి రమ్మన్నాడు గానీ వేషం కడతావని అన్నాడామే? ఎవరో ఒకరు ఆ తావులో నిలబడకుంటే మొగోళ్లు ఎట్ల నేర్చుకుంటారు? రేపో మాపో పెద్దమనిషయ్యే పిల్లవు. ముఖానికి రంగేసుకొని ఊరి ముందర నిలబడితే అక్క సంబంధమోళ్లు ఏమనుకుంటారు? వాళ్లు మాపు వస్తాండారు నాటకానికి. ఆమెను శివరాత్రికి ముందే మాట్లాడి వచ్చినారు మీ నాయినోళ్లు."

శివరాత్రికి ముందే. అంటే, రొట్టె తింటా నాకు చెప్పిన మాపు గూడ ఆయప్పకు తెలుసు. ఒడిలో పండుకున్న ప్రతి మాపూ తెలుసు. అవ్వకు తెలుసు, అక్కకు తెలుసు, చెనిక్కాయలు పోసిన పెట్టె తాతకు తెలుసు. నేను బీడులో సచ్చిపోతే చూసేకి వచ్చిన సగం ఊరికీ తెలుసు. నేను ముందర ముందర నడుస్తాంటే వెనక అందరూ నన్ను చూసి ఏమనుకొనింటారో! నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఒళ్లంతా మంటలు పుట్టినంత సిగ్గు.

అయినా చెప్పించినా. ఆమె మా నడవలో చాప మీద కూర్చొని, అమ్మ పెట్టిన రొట్టె, పుంటికూర తింటా, నేను చెప్పిన మాట చెప్పినట్ల చెప్పె. ఎంత గట్టి చెవి ఆమెది! ఒక్కసారి వింటే చాలు. ఆమె గొంతులో నా మాటలు వింటాంటే నా గుడ్డలు ఇంకొకరు కట్టుకున్నట్ల వుండె. నడమన ఆపి నా ముఖం చూసింది.

"ఏం పాపా, ఎందుకట్ల వున్నావు? నీకు ముందు చెప్పలేదా, నేనొస్తానని?"

"లేదు."

ఆమె కన్నడంలో ఏదో గొణుక్కొని, తర్వాత తెలుగులో అనింది. "నేను నీ అంత వున్నప్పుడు మా అమ్మ తిరణాలకని పిలుచుకొని పోయి రంగమెక్కించింది. ఎక్కనని గడప పట్టుకొని ఏడిస్తే చేతులు పీకి ఎక్కించినారు. నువ్వు ఎక్కుతానంటే ఎక్కియ్యలేదు. ఏం మనుషులమ్మా!" అని నీళ్లు తాగి, చెయ్యి కడుక్కొని, "సరే, సచ్చేది చెప్పు" అనింది.

"నాయినా అని కండ్లు మూసుకోవల్ల."

"ఇంతేనా? ఇంకేమన్నా వుందా?"

"ఇంతే" అంటి.

అబద్ధం కాదు. పుస్తకంలో ఇంతే వుంది. ఆ మాట అయ్యవారిది కాదు, నాటకందీ కాదు. మా యింటి మాట. మా తాత నోట్లోంచి వచ్చింది. దాన్ని బళ్లారి పంపేకి నాకు మనసు రాలేదు.

సందేళకే బండ్లు కట్టుకొని చుట్టుపక్క ఊర్లోళ్లు వచ్చినారు. హొళగుంద సంబంధమోళ్లకు ముందర జంపఖానా పరిచినారు. ముఖాలకు పూసేకి కొబ్బరినూనె కలిపిన అర్దళం రంగు వాసన, గ్యాసులైటు వాసన, ఎగిరే పురుగులు. నేను తెర పక్క నిలబడి ఆమెకు అవసరమైన కాడ మాట అందిస్తాంటి. సవరం పెట్టి రెండు జడలేసుకొని, చింకిలంగా కట్టుకొని ఆమె వెలుతుర్లోకి పోయినాక, నిజం చెప్పల్ల, చిన్నపిల్లే అయిపోయింది. ఊరంతా నోరు తెరుచుకొని చూస్తాంది.

సచ్చే రంగం వచ్చింది. ఆమె నాయిన ఒడిలో తల పెట్టింది. నాయిన ఆమె తల మీద చెయ్యి పెట్టినాడు. సవరం మీద ఆ చెయ్యి ఎట్ల పెట్టల్లో తెలీనట్ల, కొంచెం పైకే వుండె. "బిడ్డా, కండ్లు తెరువు బిడ్డా" అన్నాడు. ఆమె "నాయినా" అని కండ్లు మూసింది.

పెట్టె తాత శృతి పట్టినాడు. నాయిన పద్యం ఎత్తుకోలేదు. ఎదురు చూస్తాండాడు.

ఆమె మూసిన కండ్లతోనే కదలకుండా వుండాది. పెట్టె తాత మళ్లీ వాయించినాడు. అయ్యవారు నా వెనకొచ్చి భుజం గిల్లినాడు. "అందియ్యి మే! ఆ ఎద్దు మాట అందియ్యి!"

నేను తెర తాడు పట్టుకొని నిలబడితి. నా పండ్లు ఒకదానికొకటి అతుక్కుపోయినాయి.

నాయిన తల తిప్పి తెర పక్క చూసినాడు. నేను చీకట్లో వున్నా, ఆయప్పకు కనపడినా. రంగు పూసిన ముఖంలో కండ్లు మాత్రం మా నాయినవి. ఆ కండ్లు నన్ను అడుక్కుంటాండాయి. నేను గూడ చూస్తానే వుంటి. పగలు తిరగని మనిషి ఇప్పుడు తిరిగినాడు, నా మాట కావల్సొచ్చినాక.

కడాకు ఆయప్పే పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఎండిపోయి, శృతికి కింద. కండ్లలో తడి లేదు. ఊర్లోళ్లు మాత్రం ఏడ్చినారు. ఆడోళ్లు కొంగులతో ముక్కులు తుడుచుకున్నారు, మొగోళ్లు ఈలలు వేసినారు, ఆమెకు పూలదండ వేసినారు. ఏం పోయిందో వాళ్లకేం తెలుసు? మా ఇద్దరికే తెలుసు.

మరుసనాడు పొద్దున నాయిన అరుగు మీద కూర్చొని ముఖానికి ఆముదం రాసుకొని గుడ్డతో రంగు తుడుచుకుంటాండాడు. చెవుల దగ్గర ఇంకా పచ్చగా వుండె. నేను కడవ ఎత్తుకొని పోతాంటే, "ఇట్ల రా" అన్నాడు. పోయి నిలబడితి.

"రాత్రి ఆ మాట ఎందుకు అందియ్యల్యా?"

"అది పుస్తకంలో లేదు కద నాయినా."

ఆయప్ప ఏదో అంటాడని చూస్తి. ఒక్క మాట, మంచిదో చెడ్డదో. తిట్టినా బాగుండు. గుడ్డ మడత మార్చుకొని మళ్లీ తుడుచుకునేకి పట్టినాడు. నేను నీళ్లకు పోతి.

అదే పొద్దు హొళగుందోళ్లు అన్నానికి కూర్చున్నారు. పెండ్లికొడుకు తల్లి మాట పెద్దామె, కన్నడం, తెలుగు కలిపి గలగల మాట్లాడేది. ఎవరో చెప్పింటారు, నా గడ్డం పట్టుకొని అనింది. "ఈ మగు, ఈ చిన్నదేనంట కద అన్నీ నేర్చుకునింది! మరి ఈ పిల్లకే కట్టింటే ఏమాయెనప్పా? మా పక్క ఆడపిల్లోళ్లు కడతారు వేషాలు. నా చెల్లెలు కట్టలేదా?"

నాయిన తల వంచుకొని తింటానే వుండె. అమ్మ నా పక్క చూడకుండా ఆమెకు ఓళిగ మీద నెయ్యి పోసె. అక్క మాత్రం లేచి దొడ్లోకి పోయింది. అక్క పెండ్లి ఆ ఇంటికే అయింది, బాగా అయింది.

ఆ తర్వాత నేను ఇంట్లో పాడలేదు. ఎవరడిగినా గొంతు బాగలేదంటి. నాయినతో తగవేమీ పెట్టుకోలేదు. అన్నం పెట్టమంటే పెట్టేదాన్ని, నీళ్లిమ్మంటే ఇచ్చేదాన్ని. ఆయప్ప ఏదన్నా చెప్తే మాత్రం, అమ్మను పక్కకు పిలిచి, "నిజమేనా?" అని అడిగేదాన్ని. ఊరి సంతకు పోదామన్నా, కొత్తగుడ్డలు తెస్తానన్నా, అంతే. ఆయప్పకు అది వినపడేది. వినపడల్లనే అడిగేదాన్నేమో.

కొన్నేండ్లకు నన్ను ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే ఆయనకిచ్చినారు. నన్ను బండెక్కించేటప్పుడు నాయిన ముందరికొచ్చినాడు. ఆయప్ప గడ్డం వణికింది. కండ్లలో నీళ్లు కారినాయి. "ఎట్ల ఏడుస్తాండాడు చూడు, పిల్లంటే ఎంత ప్రాణమో" అన్నారు ఆడోళ్లు. నేను పొడి కండ్లతో చూస్తాంటి. ఆ గడ్డం వణికేది, ఆ నీళ్లు, అన్నీ నేను బడి పంచలో చూసినవే. అవి అప్పుడు నావనుకుంటి. ఇప్పుడివి ఎవరివో ఎట్ల తెలియల్ల? బండి కదిలినాక గూడ నేను వెనక్కి తిరగలేదు.

నాయిన పోయి ఇప్పటికి శానా ఏండ్లాయె. అమ్మ గూడ లేదు. అక్క మాత్రం అప్పుడప్పుడు హొళగుంద నుంచి వచ్చి పదిదినాలుండి పోతాది. మొన్నటి మాపు, ఎమ్మిగనూరులో హార్మోనియం విన్న సంగతి దానికి చెప్తి. ఇద్దరం కాఫీ తాగతాండాము. అది కాఫీ ఊదుకుంటా అనింది.

"ఆ నాటకం మళ్లీ ఆడలేదు తెలుసా మనూరోళ్లు?"

"ఎందుకు?"

"ఆదోని నుంచి మిల్లు పనోళ్లు పిలిచేకి వచ్చిరి, ఆ మరుసటేడే. వాళ్ల పండక్కి ఆడమని. అయ్యవారు ఎగిరి గంతేసె. నాయిన కట్టనన్యాడు. ఎందుకంటే చెప్పడు. పదిమంది కూర్చోబెట్టి అడిగితే అప్పుడన్యాడంట. 'నా చిన్నది ఆ మాట అడగకుంటే నాకు పద్యం రాదప్పా. దాన్ని నేను మోసం జేసినా. ఇంగ ఈ జన్మలో నేను రంగమెక్కను' అని. ఎక్కలేదు గూడ. అంత గొంతాయన, సచ్చేదాకా నోరెత్తి పాడలేదు."

నేను గ్లాసు కింద పెడితి.

"ఎవరు చెప్పినారు నీకు?"

అక్క నన్ను వింతగా చూసింది. "ఎవరు చెప్పేదేమే? ఊరంతా తెలుసు కద. నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఆ మాట ఆయప్ప అన్న ఏడు నేనింకా ఆ ఇంట్లోనే వుంటి. దినామూ ఆయప్పకు అన్నం పెడతాంటిని. నా పెండ్లయినాక గూడ పండగలకు పోయినా, కాన్పులకు పోయినా, కడాన మంచం మీద పడినప్పుడు పోయి నోట్లో నీళ్లు పోసినా. మోసం చేసినానని పదిమందికి చెప్పుకున్న మనిషి, ఆ మాట నాతో అనలేదు. పెట్టె తాతకు చెప్పినాడు, అయ్యవారికి చెప్పినాడు, పిలిచేకి వచ్చిన ఆదోని మిల్లోళ్లకు చెప్పినాడు. మొదట మాదిరే, ఈసారి గూడ అందరికీ తెలుసు, నాకు తప్ప.

అక్క నిద్రపోయినాక ఆ రంగంలో పద్యం గుర్తు తెచ్చుకునేకి చూస్తి. మొదటి పాదం వచ్చింది. రెండోది రాలేదు. ఇంగ అడిగేకి ఎవరూ లేరు.